గేటు దాటినాడు

మా అత్తకు చూపు పోయాక ఇంట్లో ఆమెకు మిగిలింది ఒకే ఒక్క ఉద్యోగం. సాయంత్రం వీధి తిన్నె మీద కూర్చుని, కొడుకు మోపెడ్ ఎంత దూరంలో ఉందో లోపలికి కేకేసి చెప్పడం. ఆ ఉద్యోగం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. తీసుకున్నాక ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

మాది పుత్తూరు. బొరుగుల బట్టీ ఉన్న ఇల్లు. పెరట్లో మట్టితో కట్టిన పెద్ద పొయ్యి, దాని మీద వెడల్పాటి ఇనుప మూకుడు, మూకుట్లో నల్లటి ఇసుక. ఆ ఇసుక బాగా కాగాక ఉప్పు పట్టించిన బియ్యం పోసి కలబెడితే చిటపటమని బొరుగులై పైకి లేస్తాయి. శ్రీకాళహస్తి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ వేడి ఇసుక వాసన నా జడలోంచి పోయేది కాదు. పుట్టింటికి వెళ్ళి స్వర్ణముఖిలో తల మునిగి స్నానం చేసినా పోలేదంటే నమ్మండి. కొన్నేళ్ళు గడిచేసరికి పుట్టింట్లో ఆ వాసన లేక నిద్రపట్టడం మానేసింది. ఏం చేస్తాం, మనిషి బతుకే అంత.

ఆ బట్టీ ముందు మా అత్త తన వయసంతా కూర్చుంది. పొగకో, సెగకో, ఆమె తలరాతకో కళ్ళు ముందు మసకేశాయి, తర్వాత వెలుతురు తప్ప ఇంకేమీ తెలియకుండా పోయాయి. తిరుపతికి తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపిస్తే ఇక రాదన్నాడు. ఆమె ఏడవలేదు. "సూడాల్సిందంతా సూసేసినాలే నాయనా, పాండి ఇంటికి" అని తనే ముందు లేచింది. ఆ తర్వాత బట్టీ నా చేతికి వచ్చింది. వంట వచ్చింది. మజ్జిగ కవ్వం వచ్చింది. "నువ్వు కూసో అత్తా, నేను చేస్తాగదా" అని నేను అన్నప్పుడల్లా ఆమె మూతి తిప్పుకుని పక్కకు జరిగేది. చివరికి జరిగి జరిగి వీధి తిన్నె మీదికి చేరింది.

మా ఆయన కార్వేటినగరం పక్కన ఒక పల్లెలో బడిపంతులు. పొద్దున సద్ది కట్టుకుని మోపెడ్ మీద పోయి, సాయంత్రం దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. ఆ మోపెడ్ మా చేతికి వచ్చేనాటికే ఎన్ని చేతులు మారిందో ఆ దేవుడికే తెలియాలి. దానికొక గొంతు ఉండేది. అన్ని మోపెడ్‌లకూ ఉండే డుర్రుమనే శబ్దం కింద, సన్నగా, సాగదీసినట్టు ఇంకో శబ్దం. కథ చెబుతుంటే పిల్లలు నిద్రమత్తులో ఊఁ కొడతారే, అట్లా ఉండేది. బండి వేగం పెరిగితే ఊఁ సన్నబడేది, తగ్గితే బొంగురుపోయేది. నాకు ఆ శబ్దం వింటే పళ్ళు జిల్లుమనేవి. మా అత్తకు మాత్రం అది పాట.

ఊరికి అవతల రైలు గేటు ఉంది. గేటు దాటాక రోడ్డు కాస్త పల్లంగా దిగి మా వీధివైపు తిరుగుతుంది. ఎండ తగ్గి, తిన్నె రాయి గోరువెచ్చగా ఉన్న వేళ, మా అత్త గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకునేది. చూపు లేని మనిషికి కళ్ళు మూసుకోవడం ఎందుకని అడిగితే, "చెవి తెరుచుకోవాలంటే కన్ను మూయాల గదా మే" అనేది. చూసేవాళ్ళకు నిద్రపోతున్నట్టే ఉండేది. వీధిలో మేకలు వెళ్ళేవి, బస్సు దిగిన జనం విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకోను చేయి మెడకు వేలాడేసుకుని అడ్రసు అడుగుతూ వెళ్ళేవారు, ఆమె కదిలేది కాదు. ఉన్నట్టుండి గడ్డం పైకి లేచేది.

"గేటు దాటినాడు మే! సంగటి కెలుకు!"

నేను ఉడుకుతున్న సంగటి కుండ దించి తెడ్డు తిప్పడం మొదలుపెట్టేదాన్ని. ముద్ద చేసి పళ్ళెంలో పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసేసరికి బయట మోపెడ్ ఆగేది. ఒక్కోసారి నాకే మతి పోయేది. సంగటి మీద ఆవిరి తగ్గకముందే ఆయన కాళ్ళు కడుక్కుని కూర్చునేవాడు.

నాకు మొదట్నుంచీ అనుమానం ఎక్కువ. రోజూ ఒకే వేళకు వచ్చే మనిషి గురించి చెప్పడం ఏం గొప్ప, ఎండ దిగిపోవడం ఒంటికి తెలుస్తుంది కదా, దాన్ని బట్టి చెబుతోందిలే అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం, నేను బట్టీ చల్లారబెట్టి కొంగు పరుచుకుని పడుకున్నాను. ఇల్లంతా మత్తులో ఉంది. పెరట్లో ఇసుక కూడా నిద్రపోతున్నట్టు ఉంది. ఆ వేళప్పుడు అత్త గొంతు వినబడింది. "ఇదేందిమే, ఈ పొద్దుకే గేటు దాటినాడు? నిదానంగా వస్తా ఉండాడు. వానికి ఒళ్ళు బాగలేదు." నేను కలలో విన్నానా, నిజంగా అందా అని తేల్చుకునేలోపు బయట మోపెడ్ ఆగింది. ఆయన ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, జ్వరం. అప్పటినుంచి నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడమంటే మా వీధిలో పెద్ద విశేషమే.

మా ఇంటికి ఎదురుగా ఒక రేకుల షెడ్డు ఉండేది, అందులో ఒక మెకానిక్. తిరుత్తణి వైపు మనిషి, మాటల్లో సగం అరవం. ఇంజన్లకు రోగం చెప్పడమంటే చెవి కోసుకుంటాడు. ఒక ఉదయం మా ఆయన బండి స్టార్టు చేస్తుంటే పళ్ళపుల్ల నోట్లో పెట్టుకునే వచ్చాడు.

"అయివోరా, ఆపు. ఈ ఇంజన్ ఏడస్తా ఉండాదప్పా. విన్లేదా?"

"మొదట్నుంచీ అట్లే గదా" అన్నాడు మా ఆయన.

"మొదట్నుంచీ ఏడస్తా ఉండాదని ఓదార్సకుండా ఊరికే ఉంటారా?" అని మెకానిక్ కూర్చుని, ఇంజన్ పక్కన ఉన్న మూత విప్పి, లోపలి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ కదిలించాడు. టక్ టక్ మంది. నన్ను కూడా పిలిచి వేలు పెట్టి చూడమన్నాడు. కదలకూడని చోట అది కదులుతోందని నా వేలికి కూడా తెలిసింది.

అప్పుడు చెప్పాడు. ఇంజన్ కడుపు రెండు డొప్పలు. టెంకాయ చిప్పలు రెండూ కలిపి మూసినట్టు ఉంటుందట. మధ్యలో తిరిగే ఇరుసు. ఇరుసుకు అటొకటి, ఇటొకటి బేరింగులు. వాటిలోని గుండ్లు అరిగిపోయాయి, అందుకే ఆ ఊఁ. ఇట్లాగే తోలితే ఏదో ఒకరోజు గుండు పగిలి ఇరుసును పట్టేస్తుంది. "నిలబడి ఉన్నప్పుడు పట్టుకుంటే సరి. కొండ పక్క దిగుడులో పట్టుకుంటే వెనక చక్రం అట్లే బిగుసుకుంటాది. బండి ఆడ ఉంటాది, అయివోరు ఈడ ఉంటాడు."

పుత్తూరులో కాపురం చేసేవాళ్ళకు విరిగిన ఎముక అంటే కథ కాదు. తెల్లారి లేస్తే బస్సులోంచి దిగే జనమే. ఎద్దు తొక్కినవాళ్ళు, చెట్టు మీదనుంచి పడినవాళ్ళు, సైకిలు కింద పడిన పిల్లలు, వాళ్ళ వెనక కొంగు నోట్లో కుక్కుకుని వచ్చే ఆడవాళ్ళు. మా ఆయన "చూద్దాంలే, సెలవుల్లో" అని నానుస్తుంటే నాకు ఒళ్ళు మండింది. "కట్టు కట్టేవాళ్ళు ఊళ్ళో ఉండారని విరగ్గొట్టుకుంటావా? ఈ ఆదివారమే విప్పించు. లేదంటే నడిచి పో బడికి!" అని వీధికి వినబడేటట్టే అరిచాను.

ఇదంతా తిన్నె మీదనుంచి మా అత్త విన్నది. ఆ మధ్యాహ్నం నేను చేటలో బియ్యం చెరుగుతుంటే నిదానంగా అడిగింది.

"బేరింగులు మారిస్తే ఆ శబ్దం పోతాదంటనా మే?"

చేట నా చేతిలో ఆగిపోయింది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పోతుందత్తా అన్నాను. ఆమె చీర కొంగును వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. "పోనీలే. శబ్దం ఎందుకు, పిల్లోడు బాగుండాల" అంది. తర్వాత చాలాసేపు గాలిలోకి ముఖం పెట్టి కూర్చుంది. నాకు ఏడుపు వచ్చింది. మా ఆయన ప్రాణమూ కావాలి, ఈమె సాయంత్రాలూ కావాలి. రెండూ ఒకే ఇంజన్‌లో ఇరుక్కున్నాయి. ఎవరిని తిట్టాలో తెలియక ఆ రోజు బియ్యంలో రాళ్ళను తిట్టాను.

ఆదివారం మా పెరట్లోనే పని పెట్టుకున్నారు. ఎందుకంటే మెకానిక్‌కు మా బట్టీ మీద కన్ను పడింది. కొత్త బేరింగు డొప్పలోకి దిగాలంటే డొప్ప సమంగా వేడెక్కి కాస్త వ్యాకోచించాలి. షెడ్డులో మంట పెట్టి కాలిస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాలి డొప్ప వంకరపోతుందట. "మీ ఇసక మూకుడు ఉండగా నాకు మంట యెందుకు?" అన్నాడు. అంతలోనే తలపట్టుకున్నాడు. "అయ్యో, ఇసక! ఒక్క రవ్వ లోపల పడితే కొత్త బేరింగు కూడా పోతాదే!"

మా అత్తకు పౌరుషం వచ్చింది. "యెవురి ఇసక గురించి మాట్లాడతా ఉండావు నువ్వు? నా పెండ్లినాడు జల్లించిన ఇసక అది. దాంట్లో దుమ్ము ఉంటే నా పేరు మార్చుకుంటా" అంది. దుమ్ము సంగతి కాదు, ఇసుకే దానికి శత్రువని అతను చెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి ఇసుక మీద మా దోసె పెనం బోర్లించి, దాని మీద డొప్ప పెట్టి, పైన గిన్నె మూసేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఆ పెనం మీద దోసెలు పెట్రోలు వాసన వేస్తున్నాయని ఇంట్లోవాళ్ళు గొణిగితే, తినేవాళ్ళు తినండి, లేనివాళ్ళు పోండి అన్నాను.

మెకానిక్ ఇంజన్ దించి, బోల్టులు విప్పి, కొయ్య సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాడు. డొప్పలు విడిపోయాయి. లోపల నల్లటి నూనె జిడ్డు, మధ్యలో ఇరుసు. పాత బేరింగులు పీకి, పెట్రోలులో కడిగి, ఒకదాన్ని బొటనవేలికి తొడిగి తిప్పాడు. గుర్రుమంటూ మొదలై ఊఁ అంటూ ఆగింది. ఇంత చిన్న వస్తువులోనా ఆ గొంతు ఉన్నది అనుకున్నాను. మా అత్త చటుక్కున తల తిప్పింది. మెకానిక్ దాన్ని పాత ఇనుము డబ్బాలోకి విసిరేశాడు. డబ్బా అడుగున పడ్డ చప్పుడు కూడా ఆమె విన్నది.

కొత్తవి చూపించమని ఆమె చేయి చాచింది. చూపించడమంటే చేతిలో పెట్టడమే. నూనె కాగితంలోంచి తీసి ఒక్కొక్కటీ చేతిలో పెట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది. ఏమీ వినబడలేదు. ఇంకోసారి తిప్పింది.

"ఇది మూగది" అంది.

"మూగదైతేనే మంచిదవ్వా" అన్నాడు మెకానిక్.

అతను ఐసు తేవడానికి వెళ్ళాడు. ఐసు గడ్డ మీద రంపపు పొట్టు తుడిచి, బేరింగులను ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాని మీద పెడితే అవి కుదించుకుంటాయట. డొప్ప వేడికి పెరగాలి, బేరింగు చలికి తగ్గాలి. అతను వచ్చేలోపు మా అత్త లోపలికి తడుముకుంటూ పోయి కుంకుమ భరిణె తెచ్చి, ఇంట్లోకి కొత్త ఇనుము వచ్చింది కదా అని, రెండు బేరింగులకూ చక్కగా బొట్లు పెట్టింది. గుండ్ల మధ్యలోకి కుంకుమ రాలింది. మెకానిక్ తిరిగి వచ్చి చూసి పెట్టిన కేకకు పక్కింటి కోళ్ళు లేచి ఎగిరాయి. "అయ్యయ్యో! బేరింగుకు బొట్టు పెట్టేది యాడైనా ఉందా? దీని గుండ్లలోకి పోయిందే!" పెట్రోలులో ముంచి, ఊది, మళ్ళీ ముంచి, మళ్ళీ ఊది కడిగాడు. గిన్నెలో పెట్రోలు ఎర్రగా మారింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. మా అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంది. తెలియక పెట్టిందో, తెలిసే పెట్టిందో, ఈనాటికీ నాకు తెలియదు. అడిగితే చెప్పే మనిషి కాదు.

ఇక వేడి. పొయ్యిలో చెనక్కాయ తొక్కు వేసి మంట పెట్టాను. మా అత్త పక్కన పీట వేసుకుని కూర్చుని, నన్ను పెనం చుట్టూ ఇసుకను గరిటెతో కలబెడుతూ ఉండమంది. చల్లటి ఇసుక గరగరమంటుంది. వేడెక్కేకొద్దీ ఆ గరగర మెత్తబడి, సరసరమని నీళ్ళు పారినట్టు అవుతుంది. నాకు అది గరిటె పట్టిన చేతికి తెలుస్తుంది, ఆమెకు చెవికి తెలుస్తుంది. మెకానిక్ కంగారుపడుతున్నాడు, చాలా, ఇంకా కావాలా అని. ఆమె చేయెత్తి ఆపింది.

"బొరుగుల వేడి వద్దు నీకు. చెనక్కాయలు వేయించే వేడి చాలు. ఉండు." మంట, ఇసుక, గరిటె. మధ్యాహ్నం ఎండలో పొగ నీలంగా వేపచెట్టు కొమ్మల్లోకి పాకుతోంది. నాకు నిద్రలో ఉన్నట్టు ఉంది. నా చేయి దానంతటది తిరుగుతోంది. ఆమె ముఖం మీద సెగ ఎర్రగా పడి, బట్టీ ముందు కూర్చున్న పాత రోజుల మనిషిలా కనబడింది. ఎన్నేళ్ళయిందో ఆమె ఆ పీట మీద కూర్చుని. "ఆఁ, ఇప్పుడు" అంది.

మెకానిక్ గిన్నె తీసి, డొప్ప మీద తడి వేలితో ఒక చుక్క విదిలించాడు. చుక్క చుయ్యిమని దొర్లిపోయింది. చల్లటి బేరింగు తీసి డొప్ప నోట్లో పెట్టాడు. సుత్తి అక్కర్లేదు, తోయక్కర్లేదు. టప్‌మని తనంతట తనే దిగిపోయింది.

"పడిందా?" అంది అత్త.

"పడిందవ్వా. పువ్వులాగా పడింది."

ఆమె తలూపింది. ఇంకో డొప్పకు కూడా అట్లాగే వేడి చెప్పింది. ఆ శబ్దం పోగొట్టే పనికి ఆమే దగ్గర కూర్చుని వేడి చెప్పిందంటే, ఆ గుండె ఎట్లాంటిదో నేను చెప్పలేను. నాకైతే సాధ్యమయ్యేది కాదు, చేతిలో గరిటె విసిరికొట్టి ఉండేదాన్ని.

సోమవారం సాయంత్రం ఆమె ఎప్పట్లాగే తిన్నె మీద కూర్చుంది. ఒక మోపెడ్ వచ్చింది. "వాడేనా మే?" అంది. కాదత్తా అన్నాను. ఇంకొకటి వచ్చింది. "ఇదా?" కాదు. ఆ కాలానికి మా ఊళ్ళో మోపెడ్‌లు ఎక్కువైపోయాయి, పాలవాళ్ళకు, ఎరువుల కొట్టువాళ్ళకు, అందరికీ అదే డుర్రు. మా ఆయన వచ్చి ఆమె ముందు బండి ఆపి దిగుతుంటే, ఆమె "యెవురు కావాలప్పా?" అని అడిగింది. కొడుకును పట్టుకుని! ఆయన ముఖం చూడాలి. "నేనే మా" అని దగ్గరికి వెళ్ళి ఆమె చేయి పట్టుకున్నాడు. లోపల నా సంగటి అడుగంటింది.

మర్నాడు ఆయన గేటు దగ్గరనుంచే హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. "హారన్ ఎవుడైనా కొడతాడు" అని ఆమె విసుక్కుంది. గంట కట్టుకుని వస్తానన్నాడు. "నువ్వేమైనా ఎద్దువా?" అంది. కొన్నాళ్ళు ప్రతి మోపెడ్‌కూ వాడేనా వాడేనా అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. ఆ తర్వాత తిన్నె మీదికే రావడం మానేసి, సాయంత్రం పూట కూడా లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునేది. సంగటి ముద్దలో సగం వదిలేసేది. ఎందుకత్తా అంటే, ఆకలి లేదు మే అనేది. నాకు తెలుసు. ఆకలి కాదు, పని లేదు.

నాకు ఆగలేదు. ఒక పొద్దున ఆయన బడికి బయలుదేరుతుంటే బండికి అడ్డంగా నిలబడ్డాను. "నీ ప్రాణం నిలబడింది, సంతోషం. ఆమె ప్రాణం గోడవైపు తిరిగి పడుకోనుండాది. దానికి ఏం బేరింగు ఏస్తావో ఏసుకో" అన్నాను. ఆయన బండి స్టాండు వేసి, రోడ్డు దాటి షెడ్డులోకి వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, పాత ఇనుము డబ్బా నేలమీద బోర్లించి, గొంతుక్కూర్చుని వెతికాడు. మెకానిక్ కూడా పళ్ళపుల్ల పక్కన పెట్టి వెతికాడు. ఆ రోజు మా ఆయన బడికి ఆలస్యంగా వెళ్ళాడు.

పాత బేరింగు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె తడిమింది. బొటనవేలికి తొడుక్కుని రెండో చేత్తో తిప్పింది. గుర్ర్... ఊఁ. అదే గొంతు. సన్నది, చిన్నప్పటి గొంతులా ఉంది. మంచం మీద లేచి కూర్చుంది. మళ్ళీ తిప్పింది. నవ్వింది. నోట్లో ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వింది.

అయితే ఆమె ఊరుకుంటుందా? ఎండిపోయి ఉంది పాపం అని దానికి ఆముదం పట్టించింది. ఆమె దృష్టిలో ఆముదానికి తగ్గని నొప్పి లేదు. మర్నాడు తిప్పితే చడీచప్పుడూ లేకుండా తిరిగింది. "మే! మే! దీని గొంతు పోయింది!" అని ఇల్లు పీకి పందిరి వేసింది. నేను తిట్టుకుంటూ కిరసనాయిలులో నానబెట్టి, కడిగి, ఎండలో పెట్టాను. సాయంత్రానికి గొంతు వచ్చింది. అప్పుడు ఆమె పడిన నిమ్మళం చూస్తే నా కోపమంతా కరిగిపోయింది.

ఆ తర్వాత మళ్ళీ తిన్నె ఎక్కింది. రాయి గోరువెచ్చగా అయ్యే వేళకు కళ్ళు మూసుకుని, బేరింగును బొటనవేలి మీద తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని, గడ్డం పైకెత్తేది. "గేటు దాటినాడు మే! సంగటి కెలుకు!" ఉత్తుత్తి ఆటే కదా, ముసలామె సరదా కదా అని నేను ఊఁ కొట్టి కూర్చునేదాన్ని. కానీ ఏమిటో, ఆయన వచ్చేవాడు. నేను తెడ్డు పట్టుకునేలోపే వీధి మలుపు తిరిగేవాడు. మొదట కాకతాళీయం అనుకున్నాను. రోజూ అట్లాగే అయితే నాకు మళ్ళీ అనుమానం మొదలైంది. ఒకరోజు ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే నిలదీశాను. ఇంతకుముందు బడి అయ్యాక టీ కొట్టు దగ్గర కబుర్లు, దారిలో ఎవరో పిలిస్తే ఆగడాలు, అవన్నీ ఏమయ్యాయని.

ఆయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "అమ్మ గేటు దాటించే పొద్దుకు నేను గేటు కాడ ఉండాల గదా."

గేటు దగ్గరికి ముందే వచ్చినా అక్కడే ఆగేవాడట. తిన్నె మీద ఎండ తగ్గే వేళను సెలవురోజున ఇంట్లో చూసి గుర్తు పెట్టుకుని, అప్పుడు బయలుదేరేవాడట. నేను సంగటి వడ్డించాను. వడ్డిస్తూ ముద్ద మీద ఇంకాస్త నెయ్యి వేశాను.

అట్లా చాలాకాలం గడిచింది. ఆ రోజులన్నీ కలిపి ఇప్పుడు తలుచుకుంటే ఒకే సాయంత్రంలా అనిపిస్తాయి. పొగ, గోరువెచ్చటి రాయి, బొటనవేలి మీద తిరిగే ఇనుము.

మా అత్త ఒక వానాకాలం ఉదయం నిద్రలోనే పోయింది. కర్మలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ బడికి వెళ్ళిన మొదటి సాయంత్రం నేను పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. ఎసరు కాగుతోంది. పిండి పోయాలన్న ధ్యాస కూడా లేదు. బయట మోపెడ్ వచ్చి ఆగింది. ఇంజన్ ఆపేశాడు. లోపలికి రాలేదు. కాళ్ళు కడుక్కునే చప్పుడు లేదు. ఎంతసేపు చూసినా లేదు.

కిటికీలోంచి చూశాను. బండి మీదే కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ నేలమీద ఆనించి, ఖాళీ తిన్నె వైపు చూస్తున్నాడు. చెప్పేవాళ్ళు లేకుండా ఆ ఇంట్లోకి ఎట్లా రావాలో ఆయనకు తెలియడం లేదు.

దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉన్న బేరింగు తీసుకున్నాను. వెళ్ళి తిన్నె మీద ఆమె చోటులో కూర్చున్నాను. నా బొటనవేలికి అది వదులైంది. పట్టుకుని తిప్పాను. గుర్ర్... ఊఁ.

"గేటు దాటినాడు" అన్నాను. నా గొంతు నాకే ఆమె గొంతులా వినబడింది.

ఆయన బండి దిగాడు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "సంగటి కెలికినావా?" అని అడగబోయి, మధ్యలోనే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కెలకలేదు. ఆ సాయంత్రం ఇద్దరమూ అక్కడే కూర్చుని బొరుగులు తిన్నాం.